శీతాకాలంలో అబిస్కో వెళ్తున్నారా? చలికన్నా గాలితో జాగ్రత్త

స్వీడన్ ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయానికి దాదాపు 200 కిలోమీటర్ల పైన, టోర్నెట్రాస్క్ సరస్సు ఒడ్డున ఉంది అబిస్కో. జనాభా వంద అటూఇటూ. ఆసుపత్రి కావాలంటే 95 కిలోమీటర్ల దూరంలోని కిరునాకు పోవాల్సిందే. పడమటి కొండలు అట్లాంటిక్ మేఘాల్లోని తడిని ముందే పిండేయడంతో వాన, మంచు కలిపి ఏడాదికి 300 మిల్లీమీటర్లు దాటి పెద్దగా పడదు. ఆకాశం తేటగా ఉండేదీ, ధ్రువకాంతి (రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు) కోసం జనం ఎగబడేదీ అందుకే.

జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల దరిదాపుల్లోనే. మైనస్ 25 వచ్చినా గాలి లేకపోతే తట్టుకోవచ్చు. సెకనుకు 10 మీటర్ల గాలి తోడైతే మాత్రం మైనస్ 20 కాస్తా ఒంటికి మైనస్ 33లా తగులుతుంది. కాబట్టి వాతావరణ సూచనలో ముందు చూడాల్సింది గాలి వేగం.

ఒంటికి ఆనే బట్ట ఉన్నిదే కావాలి. నూలుది చెమట పీల్చుకుని ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగుతైతే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. మన మంకీ క్యాప్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ముక్కు, చెంప తెల్లబడి స్పర్శ పోతే వెచ్చటి అరచేయి ఆనించండి. రుద్దకండి, హీటర్ దగ్గర పెట్టకండి: స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు.

రైల్లో వస్తే టికెట్‌పై స్టేషన్ పేరు చూసుకోండి. ఊళ్లోది అబిస్కో ఈస్ట్రా, పర్యాటక కేంద్రం దగ్గరిది అబిస్కో టూరిస్ట్‌స్టేషన్. డిసెంబరులో చాలా రోజులు సూర్యుడే ఉదయించడు. ఆ చీకట్లో, సామానుతో ఆ రెంటి మధ్య నడక సరదా కాదు.

కారైతే ఈ10 రహదారి ఒక్కటే దారి, గాలివానలా మంచు లేస్తే మూసేస్తారు. బయల్దేరే ముందు స్వీడన్ రవాణా సంస్థ ట్రాఫిక్‌వెర్కెట్ ఇచ్చే సమాచారం చూడండి. రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గడ్డకట్టి పట్టేస్తుంది, గేర్‌లో వదిలేయండి. ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే కరెంటు హీటర్ ఉంటే ప్లగ్ పెట్టండి. దారిలో ఇరుక్కుంటే కారు వదిలి నడవొద్దు, అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. ఇంజిన్ నడిపేముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి, లేకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. ఫోన్ లోపలి జేబులో ఉంచితేనే బ్యాటరీ నిలుస్తుంది.

సరస్సు మంచు మీద గుర్తులు పెట్టిన బాట దాటొద్దు. నది వచ్చి కలిసేచోట అడుగున నీరు పారుతూనే ఉంటుంది కనుక అక్కడ మంచు పలచన.