యాసిడ్ ఎక్కువైందా? విరుగుడు వేసే ముందు ఇవి చూడండి

యాసిడ్ అనగానే చాలామందికి తోచే మందు ఒకటే, దానికి క్షారం వేసేయడం. కడుపు మండితే వంట సోడా, చెరువులో పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని చెప్పే కొలత) పడిపోతే సున్నం, చేతి మీద యాసిడ్ ఒలికితే మళ్లీ సోడా. బడిలో నేర్చుకున్న తటస్థీకరణ చర్య అంతగా బుర్రలో నాటుకుపోయింది. చర్య నిజమే. కానీ అందులో వేడి పుడుతుంది, కొన్నిసార్లు గ్యాస్ కూడా వస్తుంది. ఆ యాసిడ్ అక్కడికి ఎందుకు వచ్చిందో మాత్రం తెలియకుండానే ఉండిపోతుంది. కింది సమస్యల్లో సోడా గానీ సున్నం గానీ సరైన మందు అయ్యేవి తక్కువే.

భోజనం అయ్యాక ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు

జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండటం రోగం కాదు. పరగడుపున అక్కడి పీహెచ్ 1.5 నుంచి 3.5 దాకా ఉండటం మామూలే. జీర్ణాశయం గోడకు జిగురు పొర కాపలా ఉంటుంది. పైనున్న అన్నవాహికకు అలాంటి రక్షణ లేదు. రెండింటి మధ్య ఉన్న కండర వలయం వదులైనప్పుడు ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. అంటే 'యాసిడ్ ఎక్కువైంది' అని మనం అనుకునే సందర్భాల్లో చాలావాటిలో యాసిడ్ ఎక్కువ కాలేదు, ఉండకూడని చోటికి వచ్చింది. కడుపు నిండా తిని వెంటనే నడుం వాల్చడం, బొజ్జ, సిగరెట్, మద్యం, గర్భం, ఇవన్నీ ఆ వలయాన్ని వదులు చేసేవో, దాని మీద ఒత్తిడి పెంచేవో.

అందుకే మొదటి పరిష్కారం గడియారంలో ఉంది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కోళ్ల కింద చెక్కలు పెట్టి ఆరంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకుంటే మెడ వంగుతుంది తప్ప పెద్దగా లాభం ఉండదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఇంకాస్త నయం.

వంట సోడా వేసుకుంటే బర్రున త్రేన్పు వచ్చి హాయిగా అనిపిస్తుంది. ఆ త్రేన్పు కార్బన్ డయాక్సైడ్, మీరు వేసుకున్న సోడా నుంచే పుట్టింది. పైగా దాంతో పాటు సోడియం ఒంట్లోకి వెళ్తుంది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

మాత్ర వాడుతున్నా తగ్గట్లేదంటే, ఎప్పుడు వేసుకుంటున్నారో చూడండి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఇప్పటికే ఉన్న ఆమ్లాన్ని ఏమీ చేయవు. ఆమ్లాన్ని ఊరించే పంపులను అవి మూస్తాయి. ఆ పంపులు తిండితో పాటే పనిలోకి దిగుతాయి కాబట్టి టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాక వేసుకుని 'పనిచేయట్లేదు' అంటే పాపం మాత్రేం చేస్తుంది! నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే కొన్నాళ్లు ఆమ్లం మునుపటికంటే ఎక్కువ ఊరుతుంది. దాన్ని చూసి 'ఇక ఇది లేకపోతే బతకలేను' అని జీవితాంతం మింగేవాళ్లున్నారు. మోతాదు మెల్లగా ఎలా తగ్గించాలో డాక్టర్‌ను అడగండి.

మంట ఛాతీలో కాకుండా పైకడుపులో, అదీ ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు పొడుస్తూ ఉంటే అల్సర్ అయి ఉండొచ్చు. కారం తినడం వల్లే అల్సర్లు వస్తాయని ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. అసలు దోషులు ఎక్కువగా రెండే. ఒకటి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, రెండోది డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు. ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించారు. ఆయనకూ రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. బ్యాక్టీరియా ఉందని పరీక్షలో తేలితే యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా వాడాలి. యాసిడ్ మాత్ర ఒక్కటే మింగుతూ కూర్చుంటే అది పోదు.

మంటతో పాటు చెమటలు పట్టడం, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే గ్యాస్ అని సర్దిచెప్పుకోకండి, 108కి ఫోన్ చేయండి. మలం నల్లగా తారులా రావడం, ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఎండోస్కోపీ దాకా వెళ్లాల్సిందే.

బాత్రూమ్ యాసిడ్‌తో కడిగాక బండ మసకబారింది

తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. బోరు నీళ్లు వదిలిపోయే తెల్లటి ఉప్పు మరకలో ఉండేదీ ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. మరకేదో బండేదో యాసిడ్‌కు తెలియదు, రెండింటినీ తినేస్తుంది. బుసబుసమని నురగ వచ్చినప్పుడు 'భలే శుభ్రం అవుతోంది' అనుకుంటాం గానీ కరిగిపోయేది బండే. పోయిన నునుపు తుడిస్తే రాదు, మళ్లీ పాలిష్ పట్టించాలి. సిరామిక్ టైల్స్‌కు ఏమీ కాకపోయినా వాటి సందుల్లో సిమెంటు పోతుంది, స్టీలు కుళాయిలకు గుంటలు పడతాయి.

కడుగుతుండగా ముక్కు మండి కళ్లలో నీళ్లు వస్తున్నాయంటే అది యాసిడ్ ఆవిరి కావచ్చు, లేదా అక్కడ బ్లీచింగ్ పౌడర్ కూడా ఉండొచ్చు. యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. విరుగుడుగా ఇంకేదో పోయకండి. తలుపులు బార్లా తీసి ముందు బయటికి రండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

వాన పడ్డాక రొయ్యల చెరువులో పీహెచ్ పడిపోయింది

కాలుష్యం లేని చోట కూడా వాన నీటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల. కాబట్టి ప్రతి వానా 'యాసిడ్ వాన' కాదు. చెరువులో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) తగినంత ఉంటే ఆ మాత్రం ఆమ్లాన్ని నీరే సర్దుకుంటుంది. సర్దుకోలేదంటే లోపం వానలో కాదు, చెరువులో.

ఇంకోటి, ఏ వేళ చూశారు? రాత్రంతా జీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల తెల్లవారుజామున పీహెచ్ తక్కువగా ఉంటుంది. పగలు ఆల్గే దాన్ని వాడేసుకోవడంతో సాయంత్రానికి పెరుగుతుంది. రెండు వేళలా చూసి, తేడా 0.5కు మించి ఉంటే ఆల్కలినిటీ కొలిపించండి. ఇక సున్నంలో వ్యవసాయ సున్నం, అంటే పొడి చేసిన సున్నపురాయి, నిదానంగా కరిగి పీహెచ్‌ను అమాంతం పెంచకుండా ఆల్కలినిటీని నిలబెడుతుంది. కాల్చిన సున్నం, తడిపిన సున్నం అలా కాదు, పీహెచ్‌ను ఒక్క ఊపున ఎక్కిస్తాయి. పీహెచ్ ఎక్కువయ్యేకొద్దీ నీటిలోని అమ్మోనియా విషంగా మారుతుంది. వానకు తట్టుకున్న రొయ్య సున్నానికి పోయే పరిస్థితి అప్పుడే వస్తుంది.

ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ రీడింగులు కలవట్లేదు

టైట్రేషన్ అంటే ఒక ద్రావణంలోకి ఇంకోదాన్ని చుక్కచుక్కగా వదిలి, ఎంత పడితే చర్య పూర్తవుతుందో కొలవడం. రీడింగులు కలవకపోతే ముందు తప్పు ఏ దిక్కుగా ఉందో చూడండి. బ్యూరెట్‌లో (చుక్కలు వదిలే గీతల గొట్టంలో) క్షారం, ఫ్లాస్క్‌లో యాసిడ్ ఉన్నాయనుకుందాం. రీడింగ్ ఎక్కువ వస్తే మూడు అనుమానాలు: బ్యూరెట్‌ను నీళ్లతో కడిగి ద్రావణంతో తొలచకుండానే నింపారు, లేదా ముక్కులో ఉండిపోయిన గాలి బుడగ మధ్యలో బయటికి పోయింది, లేదా కోనికల్ ఫ్లాస్క్‌ను నీళ్లతో కాకుండా యాసిడ్‌తో తొలిచారు. పిపెట్ (యాసిడ్‌ను కొలిచి ఫ్లాస్క్‌లో పోసే గొట్టం) చివరి బొట్టును ఊదడం కూడా ఎక్కువ వైపే లాగుతుంది. రీడింగ్ తక్కువ వస్తే పిపెట్‌లో నీటి తడి మిగిలిందేమో చూడండి.

ముగింపును రంగుతో చూపే ఫినాఫ్తలీన్ గులాబీ రంగు వచ్చి కాసేపటికి పోతే కంగారుపడి ఇంకో చుక్క వేయకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి రంగును లాగేస్తుంది. అర నిమిషం నిలిస్తే చాలు, అదే ముగింపు.

బ్యూరెట్‌లో ఊదా రంగు పర్మాంగనేట్ ఉండే టైట్రేషన్‌లో గోధుమ రంగు మడ్డి వస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలలేదన్నమాట. దాని బదులు హైడ్రోక్లోరిక్ పోస్తే క్లోరైడ్ కూడా పర్మాంగనేట్‌ను తింటుంది, రీడింగ్ ఎక్కువ వస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60-70 డిగ్రీలకు వేడి చేయాలి. మొదటి చుక్కల రంగు పోవడానికి ఆలస్యమైతే అది తప్పు కాదు, చర్యను వేగిరపరిచే మాంగనీస్ అయాన్లు అప్పటికింకా తయారు కాలేదంతే. ఆక్సాలిక్ ఆమ్లం బదులు మోర్ లవణం (ఒక ఇనుప లవణం) వాడితే దాన్ని మాత్రం వేడి చేయకూడదు.

ఒంటి మీద, కంట్లో యాసిడ్ పడింది

సోడా వెతకొద్దు. తడిసిన బట్టలు తీసేసి, కుళాయి కింద కనీసం 20 నిమిషాలు నీళ్లు ధారగా పోయండి. కంట్లో పడితే రెప్పలు తెరిచిపట్టి అంతసేపూ కడగాలి, ఆ తర్వాత కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పొరపాటున తాగితే వాంతి చేయించొద్దు, వచ్చే దారిలో గొంతు రెండోసారి కాలుతుంది. సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి బయల్దేరండి, లోపలికి పోయిందేమిటో డాక్టర్‌కు ముందు తెలియాలి.