దుక్కులకు ముందే పాత ట్రాక్టర్ గేర్‌బాక్స్ చూసుకోండి

దుక్కుల మధ్యలో ట్రాక్టర్ గేర్ పడక మొరాయిస్తే పని ఆగడం ఒక నష్టం. కంగారులో అవసరం లేనివి కూడా విప్పించేయడం ఇంకో నష్టం. ఏళ్ల తరబడి దున్నిన బండిలో అరుగుదల ఉండటం సహజం. అది ఎక్కడుందో తీరికగా ఉన్నప్పుడే కనిపెట్టాలి. గేర్‌బాక్స్ పోయిందని బెంబేలెత్తిన చాలాసార్లు అసలు లోపం క్లచ్‌లోనో, లివర్ కింది రాడ్లలోనో, ఆయిల్లోనో బయటపడుతుంది.

అందుకే ముందు క్లచ్ చూడండి. ఇంజన్ ఆపి పెడల్‌ను చేత్తో నొక్కితే, గట్టిగా తగిలేలోపు కొంత దూరం వదులుగా కదలాలి. దీన్నే ఫ్రీ ప్లే అంటారు. చాలా మోడళ్లలో ఇది సుమారు 25 నుంచి 40 మిల్లీమీటర్లు, అయినా మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ఈ వదులు తగ్గుతుంది. పూర్తిగా పోయిందంటే ప్లేటు సరిగా పట్టక జారుతూ కాలిపోతుంది. ఇంజన్ రొద పెరుగుతున్నా బండి ముందుకు లాగకపోవడం, కాలిన వాసన రావడం దాని గుర్తులు. వదులు మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, గేర్ వేసినప్పుడల్లా పళ్లు గరగరమంటాయి.

తప్పు క్లచ్‌దా, గేర్లదా తేల్చడం కష్టమేమీ కాదు. ఇంజన్ ఆపి గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి. పళ్లు ఎదురెదురుగా నిలిచి ఒక్కోసారి పడకపోవచ్చు, బండిని కాస్త కదిపితే పడతాయి. తర్వాత చదునైన ఖాళీ స్థలంలో, ముందు మనుషులెవరూ లేకుండా ఇంజన్ ఆన్ చేసి, క్లచ్ పూర్తిగా నొక్కి పది సెకన్లు ఆగి వేయండి. ఆపినప్పుడు సాఫీగా పడిన గేరు ఇప్పుడు గీక్కుంటే క్లచ్ విడవడం లేదన్నమాట. రెండుసార్లూ మొరాయిస్తే లివర్, రాడ్లు, లోపల గేర్లను జరిపే ఫోర్కులు చూడాలి.

నెలల తరబడి కదలని బండిలో, అందులోనూ తేమ ఉన్న చోట, క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు, అంటే ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రానికి, అతుక్కుపోతుంది. పెడల్ మామూలుగానే దిగుతుంది కానీ క్లచ్ విడవదు. ఎక్కువకాలం పక్కన పెట్టేటప్పుడు పెడల్‌ను నొక్కి చెక్కముక్కతో బిగించి ఉంచితే ఈ బాధ ఉండదు.

నా దృష్టిలో ఆయిల్ చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, ఉదయం స్టార్ట్ చేయకముందే కింది డ్రెయిన్ ప్లగ్గును కొంచెం వదులు చేయండి. లోపలికి నీళ్లు చేరి ఉంటే, బరువు వల్ల అడుగున ఉంటాయి కాబట్టి ముందు అవే కారతాయి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉన్నా నీళ్లు కలిశాయనే అర్థం. అప్పుడు బండిని కాసేపు నడిపి, ఆయిల్ వేడెక్కాక మొత్తం తీసేయండి. నీళ్లు ఎటునుంచి వచ్చాయో కూడా చూడాలి. గేర్ లివర్ దగ్గరి రబ్బరు తొడుగు చిరిగిందేమో, లోపలికి గాలి ఆడే చిన్న రంధ్రం, అదే బ్రీదర్, దాని మూత ఊడిందేమో గమనించండి. అదే బ్రీదర్ మట్టితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ కారుతుంది. సీలు మార్చినా మళ్లీ కారే బండిలో ముందు ఇది చూడాలి.

ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన మడ్డిని వేళ్ల మధ్య నలపండి. మెత్తని బూడిదరంగు ముద్దయితే మామూలు అరుగుదలే. గుచ్చుకునే రేకులు, పంటి ముక్కలు తగిలితే మాత్రం ఆ బండిని దుక్కికి తీసుకెళ్లొద్దు, విప్పి చూడాల్సిందే.

శబ్దం తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోసే అలవాటు మంచిది కాదు. చాలా పాత బళ్లలో గేర్‌బాక్స్, వెనక యాక్సిల్, హైడ్రాలిక్ లిఫ్ట్ మూడింటికీ ఒకటే ఆయిల్. చిక్కదనం పెరిగితే పంపు దాన్ని లాగలేదు. మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి.

ఇక శబ్దాలు. న్యూట్రల్‌లో వచ్చే మోత క్లచ్ నొక్కగానే ఆగితే క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును అనుమానించాలి. నొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు. ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు పళ్లు, మలుపుల్లోనే వస్తే వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్. లోడు పడగానే గేరు జారి న్యూట్రల్‌కు వస్తుంటే గేరును పట్టి ఉంచే లాక్ స్ప్రింగు బలహీనపడటమో, ఫోర్కు లేదా పళ్లు అరగడమో కారణం. లివర్‌ను చేత్తో పట్టుకుని దున్నితే ఫోర్కు ఇంకా త్వరగా అరుగుతుంది. ఇలాంటి బండిని వాలు మీద అసలు నమ్మొద్దు.

క్లచ్ మార్చడానికి బండిని రెండుగా విడదీయాల్సి వస్తే, ప్రాణాలు పోయేది అక్కడే. ముందు యాక్సిల్ మధ్యలో ఒకే పిన్ను మీద అటూఇటూ ఊగుతుంది. గేర్‌బాక్స్ నుంచి విడిపోగానే ఇంజన్ ఉన్న సగం పక్కకు ఒరిగి పడుతుంది. బోల్టులు వదులు చేయకముందే యాక్సిల్‌కు, దాని పైనున్న సపోర్టుకు మధ్య రెండు వైపులా గట్టి చెక్క చీలలు దిగ్గొట్టాలి. వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి, రెండు సగాలకూ సరిపడా స్టాండ్లు ఉండాలి. జాకీ ఎత్తడానికే, దాని మీద బరువు వదిలి కిందికి దూరొద్దు. ఈ సరంజామా లేకపోతే వర్క్‌షాపుకు పంపండి.

ఇంకొకటి, కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ టెర్మినళ్లు కలిపి స్టార్ట్ చేయడం. గేరులో ఉన్న బండి వెంటనే కదిలి, చక్రం ముందున్న మనిషి మీదికి ఎక్కేస్తుంది. లివర్ వదులై న్యూట్రల్ ఎక్కడో సరిగా తెలియని బళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. స్విచ్ పోతే స్విచ్చే మార్చించండి, సీట్లో కూర్చునే స్టార్ట్ చేయండి.

రిపేరు అయ్యాక నేరుగా నాగలి తగిలించొద్దు. ఖాళీగా అన్ని గేర్లలో నడిపి, చదునైన చోట ఆపి ఆయిల్ మట్టం చూసుకోండి. మొదటి రోజు పని ముగిశాక హౌసింగ్ బోల్టులను మాన్యువల్ చెప్పిన బిగువుకు మళ్లీ సరిచూడండి. అతుకుల దగ్గర తడిగా దుమ్ము పట్టి ఉంటే అక్కడ ఆయిల్ కారుతోందన్నమాట.