రెస్ట్ డే మర్నాడు ఘాట్‌లో చైన్ ఎగురుతోందా? కేబుల్ ముట్టుకునే ముందు హ్యాంగర్ చూడండి

విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు చేరేసరికి దాదాపు 115 కిలోమీటర్లు. అంత ఎక్కుడులోనూ గేర్లు చక్కగా పడిన సైకిలు, అరకులో ఒక రోజు ఆగి మర్నాడు సుంకరిమెట్ట దాటి గాలికొండ వైపు తొక్కగానే టకటకా చైన్ ఎగరేయడం మొదలుపెడుతుంది. నిన్నంతా కదల్చనే లేదు, ఎలా పాడైంది అని అడుగుతారు. నిజానికి తొక్కని రోజునే సైకిలు మీద ఎక్కువ చేతులు పడతాయి. బురద కడుగుతాం, చక్రం ఊడదీసి పంక్చర్ వేస్తాం, చైన్‌కు నూనె పెడతాం, లాడ్జి వరండాలో గోడకు ఆనిస్తాం, అక్కడ ఊడ్చేవాళ్ళు దాన్ని పక్కకు జరుపుతారు. ఇందులో ఏదో ఒకటి తేడా కొట్టి ఉంటుంది.

సమస్య: బరువు పడితే చైన్ జారుతోంది, గేరు నిలవట్లేదు

అందరూ వదిలేసేది వెనక చక్రం. డ్రాపౌట్‌లో, అంటే ఇరుసు కూర్చునే ఫ్రేమ్ గాడిలో, పూర్తిగా కూర్చుందా లేదా అన్నది పది సెకన్ల పని. సైకిలును తలకిందులుగా పెట్టి క్విక్ రిలీజ్ (చక్రాన్ని చేత్తోనే బిగించే లివర్) బిగించేవాళ్ళకు చక్రం కాస్త వంకరగా కూర్చోవడం మామూలే. సైకిలును నేల మీద నిలబెట్టి, క్విక్ రిలీజ్ వదులు చేసి, సీటు మీద చేత్తో గట్టిగా నొక్కి, అలా నొక్కి ఉంచే మళ్ళీ బిగించండి. త్రూ యాక్సిల్ (ఫ్రేమ్ రంధ్రాల గుండా దూర్చి బిగించే ఇరుసు) ఉన్నవాళ్ళకు ఈ బెడద లేదు. గేరు కేబుల్ వదులైతే అన్ని గేర్లూ ఒకేలా ఆలస్యంగా పడతాయి, కేబుల్ బిగువు మార్చే చిన్న మర, అదే బ్యారెల్ అడ్జస్టర్‌ను పావు తిప్పు బయటికి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

పావు తిప్పు అంటే పావు తిప్పే. రెండు మూడు సార్లు తిప్పినా దారికి రాకపోతే ఆపేయండి, ఎందుకంటే ఇక్కడి నుంచి అసలు దొంగ వేరే ఉంటాడు.

ఆ దొంగ హ్యాంగర్. చైన్‌ను ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డీరేలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. ఫ్రేమ్ విరగకుండా తాను వంగడానికే దాన్ని మెత్తగా చేస్తారు, అందుకే సైకిలు కుడివైపుకు ఒక్కసారి పడినా చాలు, నిలబడిన చోటే ఒరిగినా చాలు, వంగుతుంది. బస్సు డిక్కీలోనో రైలు లగేజీ పెట్టెలోనో కుడివైపు కిందికి పెట్టి, దాని మీద ఇంకో రెండు సైకిళ్ళు పడేస్తే ఇక చెప్పక్కర్లేదు. డీరేలర్ మీద గీత కూడా పడదు కాబట్టి మన అనుమానం అటు పోదు. 9 స్పీడ్ క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికుండే తొమ్మిది పళ్ళ చక్రాల గుత్తిలో, ఒక పళ్ళ చక్రం నుంచి పక్కదానికి దూరం 4.35 మిల్లీమీటర్లు, 10 స్పీడ్‌లో 3.95. ఇంత ఇరుకులో హ్యాంగర్ ఒక్క పిసరు వంగితే చైన్ ఎక్కడ ఉండాలో దానికే తెలియదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చిన్న పళ్ళ చక్రాల మీద గేర్లు బాగా పడుతూ, పెద్దవాటి మీదికి వచ్చేసరికి గోల చేస్తున్నాయా? పెద్దవాటికి కేబుల్ సరిచేస్తే చిన్నవి చెడుతున్నాయా? అయితే అది కేబుల్ తప్పు కాదు. వెనక్కి వెళ్ళి, క్యాసెట్ మీకు నిట్టనిలువుగా కనిపించేలా కూర్చుని, ఒక కన్ను మూసి చూడండి. డీరేలర్ కింద ఉండే రెండు చిన్న పుల్లీలు ఒకదాని కింద ఒకటి, పైన చైన్ ఉన్న పళ్ళ చక్రానికి సరిగ్గా తిన్నగా ఉండాలి. కింది పుల్లీ స్పోకుల వైపు ఒరిగి ఉంటే హ్యాంగర్ లోపలికి వంగిందని అర్థం. ఈ ఒక్క చూపు చూడకుండా గంటసేపు బ్యారెల్ అడ్జస్టర్, లిమిట్ స్క్రూలు (డీరేలర్ హద్దు దాటి జరగకుండా ఆపేవి) తిప్పి, బాగున్న సెట్టింగు కూడా పాడు చేసుకున్నవాళ్ళను చూసి చూసి విసుగొచ్చింది.

చైన్ జారడంతో పోతే ఎలాగో తొక్కుకుని పోవచ్చు. అసలు ప్రమాదం ఇంకోటి. ఎక్కుడు నిటారుగా వచ్చినప్పుడు మనం కడపటి గేరుకు, అంటే అన్నిటికన్నా పెద్ద పళ్ళ చక్రానికి మారుస్తాం, హ్యాంగర్ లోపలికి వంగి ఉంటే సరిగ్గా అప్పుడే డీరేలర్ వెళ్ళి స్పోకుల్లో పడుతుంది. మా గుంపులో ఒకతనికి గాలికొండ ఎక్కుడులో ఇదే జరిగింది. ఫట్‌మని ఒక్క శబ్దం, డీరేలర్ కేజ్ (పుల్లీలను పట్టి ఉంచే చట్రం) మెలి తిరిగి చక్రంలో ఇరుక్కుంది, మూడు స్పోకులు తెగాయి, హ్యాంగర్ రెండు ముక్కలు. ముందు రోజు సాయంత్రం లాడ్జి మెట్ల దగ్గర సైకిలు ఒరిగిందట, లేపి నిలబెట్టి వదిలేశాడు. సైకిలు వ్యాన్‌లో శృంగవరపుకోట దిగింది.

పరిష్కారం

దగ్గర స్పేర్ హ్యాంగర్ ఉంటే 20 నిమిషాల పని. చక్రం తీసి, 5 ఎం.ఎం. అలెన్ కీతో డీరేలర్ విప్పి, పాత ముక్క తీసి కొత్తది బిగించండి. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో ఆకారం ఉంటుంది కాబట్టి మీ ఫ్రేమ్‌దే ఇంటి దగ్గర కొనుక్కుని సీటు బ్యాగులో వేసుకోవాలి, పక్కవాళ్ళది మీకు పట్టదు. అరకులోనో పాడేరులోనో దొరుకుతుందిలే అన్న ఆశ పెట్టుకోకండి. కొత్తది కూడా తిన్నగానే ఉందని నమ్మేయకుండా వెనక నుంచి చూసే ఆ చూపు మళ్ళీ చూడండి.

స్పేర్ లేకపోతే ఉన్నదాన్నే సరిచేయాలి. తోటి రైడర్ సైకిలుకు క్విక్ రిలీజ్ వెనక చక్రం ఉందేమో అడగండి. ఆ యాక్సిల్ మరలు చాలావాటికి 10 ఎం.ఎం. మందం, 1 ఎం.ఎం. పిచ్ (మర గీతల మధ్య దూరం), హ్యాంగర్ రంధ్రం మరలు కూడా అవే. డీరేలర్ విప్పేసి, ఆ చక్రం స్క్యూయర్ (క్విక్ రిలీజ్ కడ్డీ) లాగేసి, యాక్సిల్ కొసను హ్యాంగర్‌లోకి చేత్తో తిప్పండి. తిరగకపోతే బలవంతం చేయకండి, మరలు పోతాయి. బిగిస్తే మీ చక్రం పక్కనే రెండో చక్రం నిలబడుతుంది. పైన, ముందు, కింద, రెండు రిమ్‌ల మధ్య దూరం స్కేలుతో కొలవండి. ఎక్కడ తేడా ఉంటే అక్కడ ఆ రెండో చక్రాన్ని పట్టుకుని మెల్లగా ఒంచండి, తేడా 4 మిల్లీమీటర్ల లోపుకు వస్తే చాలు.

అదీ కుదరకపోతే గేరును చిన్న పళ్ళ చక్రం మీదికి తెచ్చి కేబుల్ బిగువు తగ్గించి, డీరేలర్‌ను పట్టి ఉంచే బోల్టులో అలెన్ కీ దూర్చి, కొద్దికొద్దిగా బయటికి లాగుతూ చూసుకోవాలి. కేజ్ పట్టుకుని లాగకండి, అది వేరే వంకర తెస్తుంది. ఒకటి రెండు సార్లకు మించి అటూ ఇటూ ఒంచితే అల్యూమినియం పగులుతుంది. సరిగా రాలేదనిపిస్తే స్పోకుల వైపు హద్దు పెట్టే లో (L) లిమిట్ స్క్రూ బిగించి కడపటి గేరు పడకుండా చేసేయండి. నిటారు చోట్ల దిగి తోసుకెళ్ళాల్సి వస్తుంది, అయినా డీరేలర్ మిగులుతుంది.

పని అయ్యాక సైకిలు లేపి చేత్తో పెడల్ తిప్పి చూసుకుంటే సరిపోదు. బరువు లేనప్పుడు వంకర హ్యాంగర్ కూడా బాగానే నటిస్తుంది. ఆ సాయంత్రమే, బ్యాగులన్నీ తగిలించి, దగ్గర్లో ఏదో ఒక చిన్న ఎక్కుడు మీద అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి తొక్కండి. మర్నాటి ప్రయాణం పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగి వైపైతే ఇంకా తప్పదు, దారిలో సాయం దొరకడానికి చాలా దూరం పోవాలి.

సమస్య: బ్రేకులు కీచుమంటున్నాయి, పట్టట్లేదు

డిస్క్ బ్రేకులైతే రెస్ట్ డే నాడు చైన్‌కు కొట్టిన స్ప్రేను అనుమానించండి. ఆ తుంపర రోటర్ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్ళెం) మీద పడుతుంది, అక్కడి నుంచి దాన్ని నొక్కే ప్యాడ్లకు ఎక్కుతుంది. రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవండి. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే మార్చడమే. అనంతగిరి దిగుడుకైనా లంబసింగి నుంచి నర్సీపట్నం దిగుడుకైనా ఆ బ్రేకులతో మాత్రం బయల్దేరకండి, దయచేసి. చైన్‌కు ఇక నుంచి చుక్కల నూనె వాడండి, లింకుకు ఒక చుక్క వేసి, మిగిలింది తుడిచేయండి.

సమస్య: సైకిలు బాగానే ఉంది, కాళ్ళే కదలట్లేదు

రోజంతా మంచం మీద పడుకుని, ఆకలి లేదని సగం భోజనం చేస్తే అంతే. తొక్కని రోజు కూడా అన్నం కడుపు నిండా తినండి, నీళ్ళు తాగుతూ ఉండండి, పైన చెప్పిన సాయంత్రం పరీక్షనే అరగంట తేలిక తొక్కుడుగా సాగదీయండి, కాళ్ళకూ సైకిలుకూ ఒకేసారి అయిపోతుంది.

ఇక చైన్‌లో ఒక లింకు బిగుసుకుంటే చైన్ ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి ఎగురుతుంది, ఆ లింకును పక్కలకు రెండు మూడు సార్లు ఒంచి నూనె వేస్తే వదులుతుంది. ఎప్పుడూ వాడే ఒకటి రెండు గేర్లలోనే జారితే ఆ పళ్ళు అరిగాయి, చైన్, క్యాసెట్ కలిపి మార్చాలి. పెడల్ తొక్కినా చక్రం తిరగకపోతే ఫ్రీహబ్ (పెడల్ బలాన్ని వెనక చక్రానికి అందించే భాగం) పోయింది. అది అరుదు, లాడ్జిలో అయ్యే పనీ కాదు, సైకిలును రైల్లోనో బస్సులోనో విశాఖకు చేర్చండి. ఎక్కించేటప్పుడు డీరేలర్ విప్పి గుడ్డ చుట్టి ఫ్రేమ్ లోపలి వైపు కట్టండి, ఎడమవైపు కిందికి పెట్టండి.