మాస్టోడాన్‌లో చేరేముందు ఖాళీ చేయడం నేర్చుకోండి

గుంటూరులో అద్దె ఇల్లు చూడబోయినప్పుడు మా అమ్మ మొదట అడిగేది నీళ్ల సంగతి. రెండోది, "ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తారా?" అని. ఇంకా పాలు పొంగించకముందే ఖాళీ చేసే మాటేమిటని కొందరు ఓనర్లు మొహం చిట్లిస్తారు. అమ్మ వినదు. సోషల్ మీడియా అకౌంటు తెరిచేటప్పుడు మాత్రం ఈ ప్రశ్న మనలో ఎవరికీ గుర్తు రాదు.

మా బాబాయికీ రాలేదు. ఆయన రిటైర్డ్ లెక్చరర్. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు పన్నెండు రోజులూ ఇటు సీతానగరం, అటు విజయవాడ ఘాట్లు తిరిగి తీసిన ఫొటోలు, పాత గుంటూరు కబుర్లు ఒక పెద్ద కంపెనీ సైటులో ఏళ్ల తరబడి పెట్టుకున్నారు. ఒకరోజు పొద్దున లేచేసరికి అకౌంటు లాక్ అయింది. ఎందుకో చెప్పలేదు. అర్జీ పెడితే మెషీన్ రాసిన జవాబు, మళ్లీ పెడితే అదే జవాబు. ఒరిజినల్ ఫొటోలున్న ఫోన్ ఎప్పుడో పాడైపోయింది. "నా ఫొటోలు నాకు ఇవ్వకపోవడానికి వాళ్లెవర్రా?" అని వారం రోజులు అదే మాట.

ఆ తర్వాత ఇద్దరం కలిసి మాస్టోడాన్ అనే సోషల్ మీడియాలో చేరాం. మేం చేసిన పొరపాట్లతో సహా, ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాస్తున్నాను.

1. ముందు అడ్రసు అర్థం చేసుకోండి

మాస్టోడాన్ అంటే ఒక కంపెనీ సైటు కాదు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని ఎవరైనా తమ సర్వర్‌లో (ఎప్పుడూ నెట్‌కి కలిపి ఉండే కంప్యూటర్‌లో) పెట్టుకుని నడపవచ్చు. అలాంటి సర్వర్లు ప్రపంచంలో వేలకొద్దీ ఉన్నాయి. ఇవన్నీ యాక్టివిటీపబ్ అనే ఒకే భాషలో మాట్లాడుకుంటాయి. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ సంస్థ 2018 జనవరిలో దాన్ని అధికారికంగా ఆమోదించింది. జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ వెళ్లినట్టే, ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్లను ఫాలో కావచ్చు.

కాబట్టి అడ్రసులో రెండు ముక్కలుంటాయి: మీ పేరు, మీ సర్వర్ పేరు. బాబాయికి ఇది ఎక్కలేదు. "పేరొక్కటి చెబితే చాలదా?" అన్నారు. "4/14 అని చెప్పి ఆటో ఎక్కు బాబాయ్, ఏమడుగుతాడో చూడు" అన్నాను. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. గుంటూరు వాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. బ్రాడీపేటా, అరండల్‌పేటా అని తేలేదాకా ఆటో కదలదు. ఇక్కడ పేట పేరే సర్వర్ పేరు.

2. సర్వర్ ఎంచుకోండి (తొందర వద్దు)

సర్వర్ నడిపేవాళ్లను అడ్మిన్ అంటారు. ఇంటి ఓనర్ లాంటివాళ్లు. మీ పోస్టులు ఉండేది వాళ్ల దగ్గరే కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

మాస్టోడాన్ అధికారిక సైటులో సర్వర్ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలోకి రావాలంటే అడ్మిన్లు కొన్ని షరతులు ఒప్పుకోవాలి: రోజూ బ్యాకప్ తీయాలి, ద్వేషపు రాతలను అదుపు చేయాలి, మూసేయదలిస్తే కనీసం 3 నెలల ముందు చెప్పాలి. ఈ మూడో షరతే మమ్మల్ని తర్వాత కాపాడింది.

ఏ సర్వర్‌కైనా 'అబౌట్' పేజీ ఉంటుంది. అది తెరిచి నడిపేదెవరు, నియమాలేమిటి, ఏయే సర్వర్లతో సంబంధం తెంచుకున్నారు అన్నవి చదవండి. ఖర్చులకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాసి ఉంటే ఇంకా మంచిది. చాలావాటికి చందాలే ఆధారం. లెక్క బోర్డు మీద రాసిపెట్టే వినాయక చవితి పందిరికి చందా ఇవ్వడానికి మనసొప్పినట్టే, లెక్క చూపించే సర్వర్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

మేం ఇదంతా చూడలేదు. జాబితాలో బొమ్మ బాగుందని ఒక చిన్న సర్వర్‌లో చేరిపోయాం. ఎటూ తేల్చుకోలేకపోతే మాస్టోడాన్ సంస్థే నడిపే 'మాస్టోడాన్ డాట్ సోషల్'లో చేరండి. అందరూ అక్కడే చేరితే వికేంద్రీకరణ ఎక్కడుందని వాదించేవాళ్లున్నారు. వాదన సరైనదే, కానీ మొదటి అడుగు వేయనివ్వని వాదన వల్ల లాభమేముంది?

3. అకౌంటు తెరవండి

యూజర్‌నేమ్‌కి ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే పనికొస్తాయి. తర్వాత మార్చలేరు. పైకి కనిపించే పేరు మాత్రం హాయిగా తెలుగులో పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కొన్ని సర్వర్లు ఎందుకు చేరుతున్నారో రెండు ముక్కలు రాయమంటాయి. బాబాయి పేజీ నిండా రాశారు. అంత అక్కర్లేదు.

వెంటనే టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండో తాళం) ఆన్ చేసి, అప్పుడు వచ్చే రికవరీ కోడ్లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్‌లోనే దాచుకుంటే ఫోన్‌తోపాటే పోతాయి.

పోస్టు రాసే పెట్టె దగ్గర భాష ఎంచుకునే చోటు ఉంటుంది. తెలుగు అని పెట్టండి. లేకపోతే మీ తెలుగు పోస్టు మీద ఇంగ్లిషు అన్న ముద్ర పడి, భాషను బట్టి వడపోసుకునేవాళ్లకు తప్పుగా చేరుతుంది.

4. ఎవరికి కనపడాలో మీరే తేల్చుకోండి

ప్రతి పోస్టుకీ నాలుగు మెట్లు: అందరికీ; అందరికీనే గానీ సెర్చ్‌లోకి, ట్రెండ్స్‌లోకి రాకుండా; ఫాలోయర్లకు మాత్రమే; పేరు రాసినవాళ్లకు మాత్రమే. ఫాలోయర్లకు మాత్రమే అని పెట్టేవాళ్లు, ఫాలో రిక్వెస్టులను తామే ఒప్పుకునే సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి. అది లేకపోతే ఎవరైనా ఒక నొక్కు నొక్కి ఫాలోయర్ అయిపోతారు. తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు.

నాలుగో మెట్టు గురించి గట్టిగా చెప్పాలి. అది వాట్సాప్ లాంటిది కాదు. ఆ సందేశాలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, అడ్మిన్ తలచుకుంటే చదవగలరు. పైగా సందేశంలో మూడో మనిషి అడ్రసు పూర్తిగా రాస్తే ఆ సందేశం వాళ్లకీ వెళ్లిపోతుంది. పెదనాన్న మీద బాబాయితో ఏదో గొణుక్కోబోయి, పెదనాన్న అడ్రసు కూడా రాసేయబోయాను. బాబాయే చూసి ఆపారు. ఆధార్, బ్యాంకు, ఇంటి గొడవలు ఇక్కడ వద్దు.

డిలీట్ సంగతీ అంతే. మీరు చెరిపేస్తే మీ సర్వర్‌లో పోతుంది, మిగతా సర్వర్లకు చెరపమని కబురు వెళ్తుంది. అన్నీ వింటాయన్న హామీ లేదు. డేటా మీద అధికారం మీదే అంటే ఊళ్లోకి పోయిన మాటను వెనక్కి లాగగలరని కాదు.

5. మనుషుల్ని వెతుక్కోండి

మొదటి రోజు ఖాళీ మైదానంలా ఉంటుంది. ఏది చూడాలో చెప్పే అల్గారిథం హోమ్ ఫీడ్‌లో లేదు. మీరు ఫాలో అయినవాళ్ల పోస్టులు వరస తప్పకుండా వస్తాయి, అంతే. కాబట్టి హ్యాష్‌ట్యాగులను ఫాలో అవ్వండి. తెలుగు లిపిలోనూ పనిచేస్తాయి. ఎవరైనా సెర్చ్‌లో దొరక్కపోతే వాళ్ల పూర్తి అడ్రసు కొట్టండి. మీ రాతలు సెర్చ్‌లో దొరకాలంటే ప్రైవసీ సెట్టింగుల్లో మీరే ఒప్పుకోవాలి.

ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ ఉన్నాయి. అవీ యాక్టివిటీపబ్ మాట్లాడతాయి గనక మాస్టోడాన్ నుంచే ఫాలో కావచ్చు.

6. ఇప్పుడు మూట కట్టడం

ఈ పని చేరిన వారంలోనే ఒకసారి చేసి చూడండి. కంప్యూటర్ బ్రౌజర్‌లో అయితే తేలిక. సెట్టింగుల్లో 'ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్' తెరిస్తే మీరు ఫాలో అయ్యేవాళ్లు, లిస్టులు, బ్లాక్ చేసినవాళ్లు, బుక్‌మార్కులు వేర్వేరు సీఎస్‌వీ ఫైళ్లుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలుగా) దిగుతాయి. మీ పోస్టులు, ఫొటోలు కలిపిన ఆర్కైవ్‌ను 7 రోజులకు ఒకసారి అడగవచ్చు. తయారయ్యాక మెయిల్ వస్తుంది. అందులో ఫొటోలు మామూలు ఫొటోలుగానే ఉంటాయి, పోస్టులు మాత్రం జేసన్ అనే, ప్రోగ్రాములు చదువుకునే తరహా ఫైలులో. చూడ్డానికి బాగోదు గానీ మీ రాత ప్రతి అక్షరమూ ఉంటుంది.

7. ఇల్లు మారడం

మా చిన్న సర్వర్ ఏడాది తిరగకుండానే, ఖర్చు భరించలేక మూసేస్తున్నామని మూడు నెలల గడువిచ్చింది. బాబాయికి మళ్లీ టెన్షన్. ఈసారి మాత్రం అరగంటలో తేలిపోయింది.

కొత్త సర్వర్‌లో అకౌంటు తెరవండి. అక్కడి సెట్టింగుల్లో 'వేరే అకౌంటు నుంచి వస్తున్నాను' అన్నచోట పాత అడ్రసు నమోదు చేయండి. తర్వాత పాత అకౌంటులోకి వెళ్లి 'వేరే అకౌంటుకి మారుతున్నాను' అన్నచోట కొత్త అడ్రసు, పాస్‌వర్డ్ ఇవ్వండి. వరస తప్పితే పని జరగదు. ఫాలోయర్లు వాళ్లంతట వాళ్లే కొత్త అడ్రసుకు వచ్చేస్తారు. మీరు ఫాలో అయ్యేవాళ్ల కోసం దించుకున్న సీఎస్‌వీని కొత్తచోట ఇంపోర్ట్ చేయండి.

పాత పోస్టులు మాత్రం వెంట రావు. ఆర్కైవ్‌ను కొత్త అకౌంటులోకి ఎక్కించే దారి లేదు. ఇది మాస్టోడాన్‌లో నాకు నచ్చని పెద్ద లోపం. ఒకసారి మారాక 30 రోజులదాకా మళ్లీ మారడం కుదరదు. అన్నిటికంటే ముఖ్యం, పాత సర్వర్ బతికుండగానే ఇదంతా అయిపోవాలి. అది ఆగిపోయాక మీ ఫాలోయర్లకు కబురు చెప్పేవాళ్లే ఉండరు.

బాబాయి పుష్కరాల ఫొటోలు రాలేదు, ఇక రావు. ఇప్పుడు ఆయన ప్రతి నెలా ఒకటో తేదీన, పెన్షన్ పడిందో లేదో చూసుకున్నాక, ఆర్కైవ్ అడుగుతారు. మెయిల్ రాగానే దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రికవరీ కోడ్ల కాగితం పక్కనే బీరువాలో పెడతారు.