పోస్టర్ గజిబిజిగా ఉందా? ముందు ఖాళీలు చూడండి

పోస్టర్ గానీ స్లైడ్ గానీ చేసేటప్పుడు ఏదో తేడాగా ఉంది, ఏంటో తెలియట్లేదు అనిపిస్తే వెంటనే రంగుల మీద పడకండి, చాలాసార్లు గొడవంతా సైజులు, ఖాళీల దగ్గరే ఉంటుంది. హెడ్డింగ్ అక్షరాల సైజు 20, కింద మేటర్ సైజు 18 పెడితే రెండూ ఒకేలా కనిపించి కన్ను ఎక్కడ ఆగాలో తెలీక తడబడుతుంది. మేటర్ 16 అయితే హెడ్డింగ్ 32 పెట్టి చూడండి, తేడా గట్టిగా కనిపించాలి. ఖాళీలు ఇంకా ముఖ్యం, హెడ్డింగ్‌కి పైన గ్యాప్ ఎక్కువ, కింద తక్కువ ఉంటేనే అది కింది పేరాదని చూడగానే అర్థమవుతుంది, రెండు వైపులా సమానంగా వదిలితే ఎటూ కాకుండా మధ్యలో వేలాడుతుంది. తెలుగులో టైప్ చేస్తే లైన్ల మధ్య ఇంగ్లీషు కంటే కాస్త ఎక్కువ వదలండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఫాంట్లు రెండు చాలు (మూడోది ఎందుకు పెడతారో నాకైతే అర్థం కాదు). అంతా అయ్యాక కళ్లు సగం మూసి చూడండి, అక్షరాలు మసకబారినా ముందు కనపడాల్సిందే ముందు కనపడితే కుదిరినట్టే, లేదంటే దాన్ని పెంచే బదులు పక్కనున్నవి తగ్గించి చూడండి.