బాత్రూం పగలగొట్టించే ముందు ఇవి చూసుకోండి

వానలు తగ్గాక చాలా ఇళ్లలో బాత్రూం పనులు మొదలవుతాయి. మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇవి తేల్చుకోండి.

• వాటర్‌ప్రూఫింగ్: పాత టైల్స్‌తో పాటు, నీళ్లు దిగకుండా వాటి కింద వేసిన పూత కూడా పోతుంది. కొత్త పూత నేలకే కాదు, షవర్ గోడకు, మూలలకు, పైపులు దిగేచోట కూడా వేయించండి. ఆరాక ట్రాప్ (నేల మీద నీళ్లు బయటికి పోయే రంధ్రం) మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్ సీలింగ్ చూసి రండి. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా ఈ రెండు రోజులు వదులుకోవద్దు. తర్వాత కారితే కొత్త టైల్స్ మళ్లీ పగలగొట్టాల్సిందే.

• గీజర్‌కు విడిగా వైరు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. ఇది ప్రాణాల విషయం, ఖర్చు చూడొద్దు.

• గోడలో పైపులు మూసే ముందు ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడితో నీళ్లు నింపి లీకులు చూడటం) చేయించి, కొలత టేపు పెట్టి ఫొటోలు తీయండి. రేపు అద్దం బిగించడానికి గోడకు డ్రిల్ వేసేటప్పుడు పనికొస్తాయి.

• కమోడ్ కొనేముందు గోడ నుంచి డ్రెయిన్ పైపు మధ్యకు దూరం కొలవండి. కొత్త టైల్ మందం కూడా లెక్కలోకి తీసుకోండి.

• నేలకు గరుకు టైల్సే. ఇంట్లో పెద్దవాళ్లుంటే పట్టుకునే కడ్డీ కూడా పెట్టించండి.

• టైల్స్ ఒక పెట్టె ఎక్కువ తీసుకోండి, తర్వాత అదే షేడ్ దొరకదు.