ఇంటి నెట్‌వర్క్ మనమే కట్టుకుందాం – 5వ పాఠం: గడియ ఎటు వైపు ఉంది?

పోయిన పాఠంలో 192.168.1.25 లాంటి అడ్రస్‌లో మొదటి మూడు సంఖ్యలు వీధి పేరు, చివరిది ఇంటి నంబరు అని చెప్పుకున్నాం. 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్క్ అర్థం అదే. మొదటి మూడూ కలిస్తే అందరూ ఒకే వీధి వాళ్లు, కేకేస్తే పలుకుతారు. మూడోది మారిందంటే మధ్యలో రూటర్‌ని అడగాల్సిందే. ఈసారి ఒకే ఇంట్లో మూడు వీధులు వేద్దాం. అటక మీద పడి ఉన్న పాత రూటర్లు రెండు, కేబుల్ ముక్కలు కొన్ని, ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలు. తలనొప్పి కొంచెం ఉంది గానీ, దాన్లో సగం నేను ముందే పడి వచ్చాను.

మా అక్కావాళ్ల ఇల్లు మైపాడు దారిలో. ఇంటి వెనకే రొయ్యల గుంటలు. రాత్రి పూట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి పంటంతా పోతుంది కాబట్టి బావ గట్ల మీద ఆరు కెమెరాలు పెట్టించాడు. వాటి బొమ్మలు దాచే పెట్టె, డీవీఆర్, మేత షెడ్డులో ఉంటుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు దాని కేబుల్ తెచ్చి ఇంట్లో ఫైబర్ పెట్టెకే (ఇంటికి నెట్ తెచ్చేది, అదీ ఒక రూటరే) గుచ్చి వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. అంటే అక్క బ్యాంకు యాప్ ఉన్న ఫోను, బావ లెక్కలు రాసుకునే కంప్యూటరు, మేనల్లుడి ల్యాప్‌టాప్, ఈ డీవీఆర్ అన్నీ ఒకే వీధిలో కాపురం.

"అది మన కెమెరానే కదరా, మనల్నేం చేస్తది?" అన్నాడు బావ.

కెమెరా మనదే. అందులోని ప్రోగ్రామ్ ఎవరు రాశారో, తప్పులుంటే ఎప్పుడు సరిచేస్తారో మాత్రం మన చేతిలో లేదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా తిరిగి ఇలాంటి డీవీఆర్‌లనే, కెమెరాలనే పట్టుకుంది. అది చేసిన పెద్ద మాయ ఏమీ లేదు. ఫ్యాక్టరీ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఓ అరవై చిల్లర జతలు దగ్గర పెట్టుకుని, కనిపించిన ప్రతి తలుపు మీదా ఒక్కొక్కటీ వేసి చూసింది. అలా చిక్కిన పెట్టెలన్నిటితో ఆ ఏడాది అక్టోబరు 21న సైట్ల పేరు చెబితే అడ్రస్ చెప్పే డిన్ అనే కంపెనీ సర్వర్ల మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలపాటు చాలామందికి తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మార్చడం మొదటి పని. డీవీఆర్‌ని ఇంటి వీధిలో నుంచి వేరే వీధికి పంపడం రెండోది, మన పాఠం అదే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. కెమెరాలను నమ్మకూడదు కాబట్టి వాటిని లోపల దాచెయ్యాలి అనుకున్నాను. ఫైబర్ పెట్టె నుంచి ఒక రూటర్‌కి కేబుల్ లాగి, ఆ రూటర్ వెనక డీవీఆర్ పెట్టాను. ఇంటి ఫోన్లు, కంప్యూటర్లు ఎప్పటిలాగే ఫైబర్ పెట్టె మీదే. రెండు వీధులు వచ్చేశాయి, పని అయిపోయిందనుకుని అక్క పెట్టిన చేపల పులుసు తింటూ కూర్చున్నాను. ఊరికే చూద్దామని నా ల్యాప్‌టాప్‌ని డీవీఆర్ వైపు గుచ్చి బావ కంప్యూటర్ అడ్రస్ కొట్టాను. మేత కొనుగోళ్ల ఫోల్డరు టకీమని తెరుచుకుంది!

రూటర్‌కి గడియ ఉండేది లోపలి వైపు. లోపలి ఫోను బయటికి ఏదైనా అడిగితే రూటర్ దాని మీద తన అడ్రస్ వేసి పంపి, అడిగింది ఎవరో తన చిట్టాలో రాసుకుంటుంది. జవాబు రాగానే చిట్టా చూసి అందిస్తుంది. దీన్నే న్యాట్ అంటారు. చిట్టాలో లేని కబురు బయటి నుంచి వస్తే ఎవరికివ్వాలో తెలియక పారేస్తుంది. అంటే లోపలున్నవాడు గడియ తీసుకుని ఎప్పుడైనా బయటికి రావచ్చు, బయటున్నవాడే లోపలికి రాలేడు. నేను అనుమానమున్న మనిషిని పడగ్గదిలో పెట్టి, ఇంట్లోవాళ్లందరినీ పంచలో పడుకోబెట్టాను.

తిరగేస్తే సరి. డీవీఆర్ పంచలో, అంటే ఫైబర్ పెట్టె మీద. ఇల్లు లోపల, రెండో రూటర్ వెనక. చాలా ఇళ్లకు ఇది చాలు. డీవీఆర్ ఇంటిని చూడలేదు, ఇంట్లోవాళ్లు మాత్రం కెమెరాలను నేరుగా చూడొచ్చు. ఒక్కటే లోటు: ఇంటి నుంచి బయటికి పోయే ప్రతి కబురూ ఆ పంచలో నుంచే పోవాలి. పంచలో ఉన్న పెట్టె చెడిపోతే "ఫైబర్ పెట్టెను నేనే" అని అబద్ధం చెప్పి దారిలో కబుర్లు అందుకోగలదు. బ్యాంకు సైట్లకు తాళం ఉంటుంది కాబట్టి లోపలి మాట చదవలేదు గానీ, మనం ఏ సైటుకు వెళ్తున్నామో చూడగలదు, దారి తప్పించడానికీ ప్రయత్నించగలదు. అందుకే బావ ఇంట్లో మూడో రూటర్ కూడా పెట్టాను. ఫైబర్ పెట్టె నుంచి రెండు కొమ్మలు: ఒకదాని చివర ఇల్లు, ఇంకోదాని చివర కెమెరాలు. పంచలో ఎవరూ ఉండరు.

ఇక వీధుల పేర్లు. ఇళ్లలో వాడుకోవడానికని 1996లోనే కొన్ని అడ్రస్‌లు విడిగా తీసి పెట్టారు. 192.168తో మొదలయ్యేవన్నీ అందులోవే. మూడో సంఖ్య 0 నుంచి 255 దాకా ఏదైనా పెట్టుకోవచ్చు కాబట్టి 256 వీధులు ఉచితం. ఒక్కో వీధిలో మొదటిది వీధి పేరుకు, చివరిది అందరినీ పిలవడానికి పోగా 254 ఇళ్లు. పొదుపు చెయ్యాల్సిన పనే లేదు. బావ ఇంట్లో ఫైబర్ పెట్టెది 192.168.1 వీధి, ఇంటి రూటర్‌కి 192.168.20, గుంటల రూటర్‌కి 192.168.30 ఇచ్చాను. పది పది దూరం ఎందుకంటే, ఆరు నెలల తర్వాత చూసినా ఏది ఏదో తెలుస్తుందని, అంతే.

ఇప్పుడు చేతి పని. ముందు ఇంటి రూటర్‌ని వెనక పిన్నుతో పది సెకన్లు నొక్కి ఫ్యాక్టరీ స్థితికి తెండి. దానికి ఫైబర్ పెట్టె కేబుల్ అప్పుడే గుచ్చకండి. ఎందుకంటే చాలా రూటర్లు పుట్టుకతోనే 192.168.1.1 అని పేరు పెట్టుకుని వస్తాయి, ఫైబర్ పెట్టె పేరు కూడా చాలాసార్లు అదే. ఎదురుగా అదే పేరున్న వీధి కనిపిస్తే బయటికి దారి ఎటో రూటర్‌కి తెలియదు. కొన్ని కొత్త రూటర్లు తమంతట తామే పేరు మార్చుకుంటాయి, పాతవి బిక్కమొహం వేస్తాయి. ల్యాప్‌టాప్ ఒక్కటే రూటర్ ల్యాన్ (లోపలి వైపు) పోర్టులో పెట్టి, సెట్టింగ్స్‌లో ల్యాన్ అడ్రస్‌ని 192.168.20.1గా మార్చి సేవ్ చెయ్యండి. పేజీ అక్కడే ఆగిపోతుంది. టెన్షన్ పడొద్దు, చెడిపోలేదు, ఇల్లు మారింది. కేబుల్ తీసి మళ్లీ పెట్టి, కొత్త అడ్రస్ కొడితే పలుకుతుంది. డీహెచ్‌సీపీ (వీధిలోని ఫోన్లకు, కంప్యూటర్లకు రూటర్ అడ్రస్‌లు ఇచ్చే పద్ధతి) పంచే అడ్రస్‌లు కూడా 192.168.20తో మొదలవుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

తర్వాత వ్యాన్, అంటే బయటి వైపు, సెట్టింగ్. ఇక్కడ డైనమిక్ ఐపీ (అడ్రస్ ఫైబర్ పెట్టే ఇస్తుంది) ఎంచుకోవాలి. ఫైబర్ కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇక్కడ కొట్టకండి, అవి ఫైబర్ పెట్టెలో ఉన్నాయి, అక్కడే ఉండాలి. ఇప్పుడు ఫైబర్ పెట్టె ల్యాన్ పోర్టు నుంచి కేబుల్ తెచ్చి రూటర్ వ్యాన్ పోర్టులో గుచ్చండి. వేరే రంగులో, మిగతా వాటికి కాస్త దూరంగా ఉండేది అదే. పొరపాటున ల్యాన్‌లో గుచ్చితే నెట్ వచ్చినా వస్తుంది, కానీ వీధులు విడిపోవు. పైగా అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరవుతారు, ఒక ఫోనుకి నెట్ వస్తే పక్క ఫోనుకి రాదు. ఒక్క పూట ఆ బాధ పడ్డవాళ్లు జన్మలో మర్చిపోరు.

అటక మీది రూటర్‌కి టెలిఫోన్ తీగ పట్టే చిన్న రంధ్రం మాత్రమే ఉండి వ్యాన్ పోర్టు లేకపోతే అది పాత ఏడీఎస్ఎల్ మోడెమ్. దాన్ని తిరిగి అటక మీదే పెట్టండి.

గుంటల రూటర్‌కీ ఇదే తంతు, 20 బదులు 30. షెడ్డు దాకా కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. సముద్రం దగ్గర ఊళ్లలో ఇంకో తంటా ఉంది. ఉప్పు గాలికి కేబుల్ మూతి పిన్నులు ఏడాది తిరక్కుండానే పచ్చబడతాయి. నెట్ ఆగిందంటే సెట్టింగ్స్ తిరగేసే ముందు ఆ మూతి పీకి చూడండి. వైఫై ఛానెల్ ఒకదానికి 1, రెండోదానికి 6 పెడితే ఒకదాని మాట ఒకదానికి అడ్డురాదు. రెండూ సరిగ్గా పనిచేస్తున్నాయని తేలాకే ఫైబర్ పెట్టె వైఫై ఆపండి. అది ఆపకపోతే పంచ ఖాళీగా ఉండదు.

పరీక్ష చెయ్యకుండా నమ్మొద్దని నా చేపల పులుసు కథే చెబుతుంది. ల్యాప్‌టాప్‌ని గుంటల రూటర్‌కి తగిలించి కమాండ్ ప్రాంప్ట్‌లో 192.168.20.1ని పింగ్ చెయ్యండి, అంటే ఉన్నావా అని అడిగి చూడండి. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అనో, చేరలేదనో రావాలి. ఫైబర్ పెట్టెకి 20 వీధి ఎక్కడుందో తెలియదు, కబురుని బయటికి తోసేస్తుంది, అక్కడ అది పోతుంది. తర్వాత ఇంటి రూటర్‌కి మారి 192.168.30.1ని అలాగే అడగండి. ఇప్పుడు రెండు వైపుల నుంచీ 192.168.1.1ని పింగ్ చెయ్యండి. పలుకుతుంది. ఇది కొంతమందిని కంగారు పెడుతుంది, పెట్టాలి కూడా. పంచలోకి రావడానికి ఇద్దరికీ దారి ఉంది, అంటే డీవీఆర్ కూడా ఫైబర్ పెట్టె లాగిన్ పేజీ దాకా వెళ్లగలదు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఈ రోజే మార్చండి. ఫైబర్ కంపెనీ ఐపీవీ6 (కొత్త రకం అడ్రస్‌లు) కూడా ఇస్తుంటే, ఈ పాఠం వరకు రెండు రూటర్లలో దాన్ని ఆపి పెట్టండి. అక్కడ న్యాట్ ఉండదు, గడియ కథ వేరు.

కొన్ని ఇబ్బందులు వస్తాయి. మేనల్లుడి గేమ్‌లో న్యాట్ టైప్ స్ట్రిక్ట్ అని వచ్చింది, ఇప్పుడు వాడి కబురు ఒకదాని వెనక ఒకటి రెండు గడియలు దాటాలి మరి. టీవీ కూడా కెమెరాకి తమ్ముడే అని దాన్ని గుంటల వైపు పంపాను. అక్క ఫోన్లోంచి టీవీకి వీడియో వెళ్లడం మానేసింది, ఎందుకంటే టీవీని వెతికే కేక వీధి దాటదు. సాయంత్రానికి టీవీ ఇంటి వీధికి వచ్చేసింది. అక్కతో వాదన పెట్టుకునేంత సెక్యూరిటీ నాకు అక్కర్లేదు.

బావ గొడవ మాత్రం న్యాయమైనది. "కెమెరాలు వేరే వీధి అయితే రాత్రి రెండు గంటలప్పుడు ఏరేటర్లు నేనెట్టా చూసేది?" కంపెనీ యాప్‌లో కనిపిస్తాయి. ఆ బొమ్మ షెడ్డులోంచి బయల్దేరి, ఎక్కడో ఉన్న సర్వర్‌ దాకా పోయి, తిరిగి ఇరవై అడుగుల దూరంలోని మంచం మీదికి వస్తుంది. ఫైబర్ తెగిన రోజు అదీ రాదు. ఇంటి వీధి నుంచి గుంటల వీధికి ఒక్క కిటికీ, పోర్టు 554 (కెమెరా వీడియో వచ్చే దారి నంబరు) అంత కిటికీ, తెరవాలి. అది 6వ పాఠం. దానికోసం ఈ వారం ఇంటి పని: ఫైబర్ పెట్టెలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పేజీ వెతికి, గుంటల రూటర్‌కి ఎప్పుడూ 192.168.1.3 మాత్రమే ఇచ్చేలా రాసి పెట్టండి. ఆ తర్వాత అన్నీ ఒకసారి ఆపి, మళ్లీ వేసి, అదే అడ్రస్ వచ్చిందో లేదో చూడండి.